హెచ్‌ఎల్‌ఆర్‌లన్నీ ఒక్కచోటికి: మొబైల్ చందాదారుల డేటాబేస్‌ను కేంద్రీకరించడం ఎలా

తెల్లవారుజామున ఐదింటికి సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు ఆగుతుంది. రాత్రంతా ఆఫ్‌లో పెట్టిన ఫోన్లను వందల మంది ఒకేసారి ఆన్ చేస్తారు. ప్రతి ఫోన్ విషయంలో నెట్‌వర్క్‌కు నాలుగు సంగతులు తేలాలి. ఈ సిమ్ ఎవరిది? నిజమైనదేనా? ఇప్పుడు ఎక్కడుంది? దీనికి ఏమేం ఇవ్వచ్చు? ఈ నాలుగింటికీ జవాబు రాసిపెట్టుకున్న పుస్తకమే హోమ్ లొకేషన్ రిజిస్టర్, అంటే హెచ్‌ఎల్‌ఆర్.

పుస్తకం ఒక్కటే ఉంటే ఈ వ్యాసం అవసరమే లేదు. 2జీకి హెచ్‌ఎల్‌ఆర్ పెట్టారు. 4జీ వచ్చాక పక్కనే అదే పని చేసే హెచ్‌ఎస్‌ఎస్ పెట్టారు. ప్రీపెయిడ్ కోసం ఇంటెలిజెంట్ నెట్‌వర్క్, అంటే మేం ఐఎన్ అని పిలిచేది, దాని డేటా దానిదే. నంబర్ పోర్టబిలిటీకి ఒక పట్టిక, వాయిస్‌మెయిల్‌కు ఒకటి, బిల్లింగ్‌కు ఇంకొకటి. ఆపైన విలీనాలు. 2018 ఆగస్టులో వొడాఫోన్, ఐడియా కలిశాయి. అదే ఏడాది టెలినార్ ఇండియా, 2019లో టాటా వినియోగదారుల మొబైల్ వ్యాపారం ఎయిర్‌టెల్‌లో కలిశాయి. కంపెనీలు కలిసినంత మాత్రాన వాటి డేటాబేస్‌లు కలవవు. పూర్వం ఊళ్లో పట్వారీ దగ్గరున్న పహాణీ ఒకటి చెప్తే, తహసీల్దారు ఆఫీసులో కాగితం ఇంకొకటి చెప్పేది కదా, సరిగ్గా అలా ఉంటుంది పరిస్థితి.

హైదరాబాద్‌లో కోర్ నెట్‌వర్క్ పనిలో ఉన్నవాళ్లకు, అందులోకి కొత్తగా వస్తున్నవాళ్లకు పనికొచ్చేలా ఈ కేంద్రీకరణ పనిని మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాను. ముందే ఒక మాట. ఈ పనిలో డేటా మోయడం చిన్న భాగం. రికార్డులోని ప్రతి గడికీ, అంటే ఒక్కో సమాచారపు ముక్కకూ, ఒక యజమానిని తేల్చడమే అసలు పని. అది తేలకుండా మొదలుపెడితే ఇల్లు పీకి పందిరేసినట్టు అవుతుంది.

ముందుగా: ఏం కట్టబోతున్నాం

పాత హెచ్‌ఎల్‌ఆర్‌లో తెలివి, డేటా రెండూ ఒకే పెట్టెలో ఉండేవి. కేంద్రీకరణ అంటే ఆ రెంటినీ విడదీయడం. డేటా అంతా వెనకాల ఒక పెద్ద నిల్వలో ఉంటుంది. ముందు వరసలో ఉండే ఫ్రంట్ ఎండ్‌లు ప్రశ్న వచ్చినప్పుడు నిల్వలోంచి చదివి జవాబు చెప్పి మర్చిపోతాయి. హెచ్‌ఎల్‌ఆర్ ఫ్రంట్ ఎండ్ మ్యాప్ అనే సిగ్నలింగ్ ప్రోటోకాల్‌లో మాట్లాడుతుంది, హెచ్‌ఎస్‌ఎస్ ఫ్రంట్ ఎండ్ డయామీటర్ అనే ఇంకో ప్రోటోకాల్‌లో. వెనకున్న నిల్వ మాత్రం ఇద్దరికీ ఒక్కటే. దీన్ని మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ సంస్థ తన రిలీజ్ 9లో యూజర్ డేటా కన్వర్జెన్స్ పేరుతో ప్రమాణం చేసింది. టీఎస్ 23.335 అనే పత్రంలో ఉంటుంది. ఫ్రంట్ ఎండ్‌కు, నిల్వకు మధ్య దారిని యూడీ ఇంటర్‌ఫేస్ అంటారు, అది ఎల్‌డాప్ అనే డైరెక్టరీ ప్రోటోకాల్ మీద నడుస్తుంది. 5జీలోనూ ఇదే ఆలోచన: యూడీఎం అనేది ముందు వరస, యూడీఆర్ అనేది నిల్వ.

లాభం తెలిసిందే. నష్టం కూడా అంతే తెలిసి ఉండాలి: అందరి పిలకలూ ఒకే చేతిలో పెడుతున్నాం. పాత పద్ధతిలో ఒక హెచ్‌ఎల్‌ఆర్ పడితే కొన్ని లక్షల మందికి ఇబ్బంది. ఇప్పుడు పడితే సర్కిల్ మొత్తానికీ. మన ఆంధ్రప్రదేశ్ లైసెన్స్ సర్కిల్ అంటే రాష్ట్రం రెండైనా టెలికాం లెక్కలో ఇప్పటికీ ఒకటే, ఆదిలాబాద్ నుంచి చిత్తూరు దాకా.

మొదటి మెట్టు: గడి గడికీ యజమాని

ఒక పెద్ద షీట్ తెరవండి. చందాదారుడి రికార్డులో ఉండే ప్రతి గడి పేరూ ఒక్కో వరసలో రాయండి. పక్కన మూడు నిలువు వరసలు: దీన్ని ఎవరు రాస్తారు, ఎవరు చదువుతారు, తేడా వస్తే ఎవరి మాట చెల్లుతుంది. మూడో వరస నింపడానికి నెలలు పడుతుంది. పట్టనివ్వండి.

డేటా నాలుగు రకాలు. మొదటిది స్థిరమైనది: ఏ సేవలున్నాయి, ఐఎస్‌డీ ఉందా, రోమింగ్ ఉందా, కాల్ ఫార్వర్డ్ ఎటు. రెండోది చంచలమైనది: ఈ క్షణంలో ఏ వీఎల్‌ఆర్ (ఆ ప్రాంతంలో ఉన్న ఫోన్ల వివరాల నకలు ఉంచుకునే రిజిస్టర్) కింద, ఏ ఎంఎంఈ (4జీలో ఆ పని చేసేది) కింద ఉన్నాడు. మూడోది రహస్యం: సిమ్‌లో ఉండే 128 బిట్ల కేఐ తాళం. నాలుగోది డబ్బు, అంటే ప్రీపెయిడ్ బ్యాలెన్స్.

నాలుగోదాన్ని ఈ నిల్వలోకి తేవద్దని నా సలహా. ఆర్కిటెక్చర్ బొమ్మలు గీసేవాళ్లు అన్నీ ఒకే డబ్బాలో పెట్టి చూపిస్తారు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ చందాదారుల డేటాబేస్ ప్రధానంగా చదివే సరుకు. బ్యాలెన్స్ అలా కాదు, కాల్ నడుస్తున్నంతసేపూ, డేటా వాడుతున్నంతసేపూ మారుతూనే ఉంటుంది. దాన్ని ఛార్జింగ్ సిస్టమ్ దగ్గరే ఉండనివ్వాలి.

మరి ఐఎన్‌కు, హెచ్‌ఎల్‌ఆర్‌కు బంధం ఎక్కడ? క్యామెల్ అనే పద్ధతిలో హెచ్‌ఎల్‌ఆర్ రికార్డులో ఓ-సీఎస్‌ఐ అనే చిన్న ముక్క ఉంటుంది. అందులో ఉండేది ఎస్‌సీపీ (ఐఎన్‌లో కాల్ మీద నిర్ణయం చెప్పే కంప్యూటర్) చిరునామా, ఏ సేవో తెలిపే సర్వీస్ కీ, ఇంకొన్ని షరతులు. ప్రీపెయిడ్ కస్టమర్ కాల్ చేస్తే స్విచ్ ఆ ముక్క చూసి 'ముందు ఫలానా ఎస్‌సీపీని అడగాలి' అని ఆగుతుంది. అంటే తెలివి ఎస్‌సీపీలో ఉంటుంది, హెచ్‌ఎల్‌ఆర్‌లో ఉండేది దారి చూపే బోర్డు మాత్రమే. కేంద్రీకరించాల్సింది ఈ బోర్డులను.

ఆ ముక్కలో డిఫాల్ట్ కాల్ హ్యాండ్లింగ్ అని ఒక గడి ఉంటుంది. ఎస్‌సీపీ జవాబు చెప్పకపోతే కాల్‌ను పోనివ్వాలా, తెంచాలా అన్నది అది చెప్తుంది. రెండే విలువలు: కంటిన్యూ, రిలీజ్. పాత డేటాబేస్ నుంచి తెచ్చేటప్పుడు ఈ గడి ఖాళీగా కనబడితే, లోడ్ చేసే స్క్రిప్ట్ రాసేవాళ్లు ఏదో ఒకటి నింపేస్తారు. అది కంటిన్యూ అయితే ఎస్‌సీపీ కాస్త ఊపిరాడక జవాబివ్వనప్పుడల్లా ప్రీపెయిడ్ కాల్స్ ఉచితంగా పోతాయి. ఆ రాత్రి ఏ అలారం మోగదు, ఫిర్యాదు చేసే కస్టమర్ అసలే ఉండడు. నెలాఖరుకు, ఆదాయం ఎక్కడ కారిపోతోందో చూసే రెవెన్యూ అష్యూరెన్స్ వాళ్లు ఫోన్ చేసేదాకా మీకు తెలియదు.

యజమాని తేలకపోతే ఏమవుతుందో నాకు తెలిసొచ్చిన ఒక సంఘటన చెప్తాను. ఒక ఆపరేటర్ దగ్గర మైగ్రేషన్, అంటే డేటాను పాతదాని నుంచి కొత్తదానికి తరలించే పని చేస్తున్నాం. సీఆర్‌ఎమ్‌లో, అంటే కస్టమర్ వివరాలుండే వ్యవస్థలో, ఉన్నదే నిజం అనుకుని దాని ప్రకారం కొత్త నిల్వ నింపాం. మర్నాడు కూకట్‌పల్లి నుంచి ఒక పెద్దాయన ఫిర్యాదు. డల్లాస్‌లో ఉన్న కొడుకుకు ఫోన్ కలవడం లేదు, అక్కడి నుంచి మాత్రం వస్తోంది. చూస్తే ఆయన నంబర్‌కు ఐఎస్‌డీ బార్ పడి ఉంది. ఏళ్ల కిందట ఎవరో నేరుగా హెచ్‌ఎల్‌ఆర్ మీదే కమాండ్ కొట్టి ఐఎస్‌డీ తెరిచారు, సీఆర్‌ఎమ్‌లో ఎక్కించలేదు. అలాంటివాళ్లు ఆయనొక్కడే కాదని మధ్యాహ్నానికి తేలింది. ఆయన మాత్రం కాల్ సెంటర్ అమ్మాయితో "నేనేం చేయలేదమ్మా, నిన్నటిదాకా పోయింది" అని పదే పదే చెప్పాడట. నిజమే, ఆయనేం చేయలేదు.

అప్పటి నుంచి నా నియమం: కస్టమర్ నిన్న అనుభవించినదేదో అదే నిజం. అంటే సేవల విషయంలో నడుస్తున్న హెచ్‌ఎల్‌ఆర్ మాటే చెల్లుతుంది. పేరు, చిరునామా, గుర్తింపు కాగితాల విషయంలో సీఆర్‌ఎమ్. నంబర్ ఏ కంపెనీలో ఉందన్న విషయంలో పోర్టబిలిటీ డేటాబేస్.

రెండో మెట్టు: రికార్డుకు పేరు పెట్టడం

ఫోన్ నంబర్‌ను ప్రధాన కీ చేయకండి. నంబర్ స్థిరమనిపిస్తుంది కానీ అది కస్టమర్‌కు స్థిరం, మనకు కాదు. ఐఎంఎస్‌ఐ కూడా వద్దు. అది సిమ్‌కు చెందిన 15 అంకెల సంఖ్య. మన దేశంలో 404 లేదా 405తో మొదలవుతుంది, ఆ తర్వాత నెట్‌వర్క్ కోడ్, మిగిలింది వరస సంఖ్య. సిమ్ పోగొట్టుకుని కొత్తది తీసుకుంటే నంబర్ అదే ఉంటుంది, ఐఎంఎస్‌ఐ మారిపోతుంది. అందుకని లోపల అర్థం లేని ఒక సొంత గుర్తింపు సంఖ్య పెట్టి, నంబర్‌నూ ఐఎంఎస్‌ఐనీ దానికి మారుపేర్లుగా కట్టాలి.

పోర్టబిలిటీ వచ్చాక పాత అలవాటు ఒకటి పూర్తిగా చెడింది. హర్యానాలో 2010 నవంబర్ 25న మొదలై, 2011 జనవరి 20 నుంచి దేశమంతా అమల్లోకి వచ్చింది. 2015 జులైలో సర్కిళ్ల మధ్య కూడా. అంతకుముందు నంబర్ మొదటి అంకెలు చూసి ఏ హెచ్‌ఎల్‌ఆర్‌కు పంపాలో చెప్పేయగలిగేవాళ్లం. ఇప్పుడు ఏ నంబర్ ఎక్కడైనా ఉండచ్చు. కాబట్టి నంబర్ మీద వచ్చే ప్రశ్నలకు ముందు పోర్టబిలిటీ చూపు, ఆపై నిల్వ. ఐఎంఎస్‌ఐ మీద వచ్చే ప్రశ్నలకు మాత్రం మొదటి అంకెలు చూసి పంపే రేంజ్ పద్ధతి ఇంకా పనిచేస్తుంది. మైగ్రేషన్‌లో అదే మనకు ఆధారం.

గడి వెడల్పు చూసుకోండి. మొబైల్ నంబర్ 10 అంకెలే అని స్కీమా రాస్తే మెషీన్ల సిమ్‌లకు ఇచ్చే 13 అంకెల నంబర్లు తెగిపోతాయి. ఇంకో మాట, డేటాబేస్ నుంచి దింపిన డంప్ ఫైల్‌ను ఎవరినీ ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయనివ్వకండి. ఎక్సెల్ 15 అంకెల వరకే ఖచ్చితంగా దాచుకుంటుంది. ఐఎంఎస్‌ఐ బతుకుతుంది. సిమ్ వెనక ముద్రించి ఉండే, 8991తో మొదలయ్యే ఐసీసీఐడీకి 19 లేదా 20 అంకెలు. దాని చివరి అంకెలు చడీచప్పుడు లేకుండా సున్నాలైపోతాయి. ఆ తర్వాత వేల సిమ్‌లకు ఒకే నంబర్ కనబడుతుంటే తల గోడకేసి కొట్టుకోవాలి.

మూడో మెట్టు: తూర్పారబట్టడం

హెచ్‌ఎల్‌ఆర్, ఐఎన్, సీఆర్‌ఎమ్ మూడింటి నుంచీ ఒకే రాత్రి డంప్ తీసి పోల్చండి. వేర్వేరు రోజుల డంప్‌లు పోలిస్తే వచ్చే తేడాల్లో సగం అబద్ధాలే.

హెచ్‌ఎల్‌ఆర్‌లో ఉండి సీఆర్‌ఎమ్‌లో లేనివి దయ్యాలు. కొన్ని పాత టెస్ట్ సిమ్‌లు, కొన్ని ఎప్పుడో రద్దయి తీసేయడం మరిచినవి. కొన్ని మాత్రం లిఫ్టుల్లో, ఏటీఎంలలో, కార్డు మెషీన్లలో బుద్ధిగా పనిచేస్తున్నవి. అందుకని వెంటనే తీసేయకండి. ముందు 'ఆఖరుసారి ఎప్పుడు లొకేషన్ అప్‌డేట్ అయింది' అన్నది చూసి, పక్కన పెట్టి, కొన్ని వారాలు ఆగండి.

అన్నింటికంటే మొండివి పోర్ట్ అయి వెళ్లిపోయినా మన దగ్గర మిగిలిపోయిన నంబర్లు. మన నెట్‌వర్క్‌లో ఉన్న అక్క, వేరే కంపెనీకి వెళ్లిపోయిన తమ్ముడికి ఫోన్ చేస్తుంది. మన డేటాబేస్‌లో తమ్ముడి పాత రికార్డు ఇంకా ఉంటే, పోర్టబిలిటీ పట్టిక కంటే ముందు అది చూసే అమరికలో కాల్ అక్కడే ఆగుతుంది: "మీరు కాల్ చేసిన సబ్‌స్క్రైబర్ స్విచాఫ్‌లో ఉన్నారు." తమ్ముడి ఫోన్ చేతిలోనే ఉంటుంది, వేరే కంపెనీల నుంచి అన్ని కాల్సూ వస్తుంటాయి. ఈ ఫిర్యాదు పట్టుకోవడం కష్టం, ఎందుకంటే ఇబ్బంది పడే ఇద్దరిలో ఒకరు మన కస్టమరే కాదు.

నాలుగో మెట్టు: తాళాల తరలింపు

కేఐ సిమ్‌లో ఒకటి, సిమ్ నిజమైనదో కాదో తేల్చే ఆథెంటికేషన్ సెంటర్‌లో ఒకటి, మూడో చోట ఉండకూడదు. సిమ్ తయారీదారు పంపే ఫైల్‌లో కూడా అది రవాణా తాళంతో గుప్తం చేసే వస్తుంది. పాత పెట్టె నుంచి కొత్తదానికి తెచ్చేటప్పుడు కూడా గుప్తంగానే, తాళాలను బయటికి చూపని హార్డ్‌వేర్ సెక్యూరిటీ మాడ్యూల్ లోపలే తిరగరాయాలి. మామూలు టెక్స్ట్‌గా ఒక్క నిమిషం కూడా ఏ సర్వర్ మీదా పడకూడదు. వెండర్ ఇంజినీర్ "డీబగ్గింగ్ కోసం పది రికార్డులే" అన్నా సరే.

3జీ, 4జీ సిమ్‌లతో ఇంకో చిక్కుంది. ప్రతి ఆథెంటికేషన్‌కూ సీక్వెన్స్ నంబర్ ఒకటి పెరుగుతూ పోతుంది. కొత్త నిల్వలో అది పాతదానికంటే వెనక్కి ఉంటే సిమ్ 'ఇది పాత సరుకు' అని తిప్పికొడుతుంది. తర్వాత సర్దుబాటు సందేశం పంపి సరిచేసుకుంటుంది, అంటే ఫోన్ చివరికి ఎక్కుతుంది. ఒక్క ఫోన్‌కైతే ఫరవాలేదు. లక్షల ఫోన్లు ఒకేసారి ఈ సర్దుబాటుకు దిగితే ఆథెంటికేషన్ సెంటర్ మీద పని రెట్టింపవుతుంది. అందుకే లోడ్ చేసేటప్పుడు సీక్వెన్స్‌ను కొంచెం ముందుకు జరిపి పెట్టాలి. కొంచెమే సుమా, మరీ దూరం దూకినా సిమ్ ఒప్పుకోదు. సిమ్ ప్రొఫైల్ పత్రంలో ఆ హద్దు చూసి, పాత సిమ్ బ్యాచ్‌లు నాలుగైదు తెప్పించి బల్ల మీద పరీక్షించండి.

ఐదో మెట్టు: ఎక్కడ పెట్టాలి

ఒక సైట్ హైదరాబాద్‌లో అనడానికి కారణాలున్నాయి. దక్కన్ గ్రానైట్ మీద కూర్చున్న ఊరు, భూకంప పటంలో తక్కువ ప్రమాదపు జోన్ 2లో ఉంది. సముద్రం దూరం, తుపాను నేరుగా తాకదు. డేటా సెంటర్లు, మనుషులు దొరుకుతారు. అయితే రెండో సైట్‌ను గచ్చిబౌలిలో పెట్టి మొదటిది మాదాపూర్‌లో ఉంది కదా అంటే అది రెండు సైట్లు కాదు, ఒకటే. అదే కరెంటు, అదే ఫైబర్ దారి, అదే రోడ్డు తవ్వకం, 2020 అక్టోబర్‌లో కురిసినట్టు కురిస్తే అదే వాన.

రెండోదాన్ని బెంగళూరులోనో చెన్నైలోనో పెట్టడానికి జంకు ఆలస్యం గురించి. లెక్క వేద్దాం. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఫైబర్ దారి 700 కిలోమీటర్లనుకుంటే వెళ్లడానికి 3.5 మిల్లీసెకన్లు, రానుపోను 7. పరికరాల్లో ఇంకొంచెం. ఫోన్ రిజిస్టర్ కావడానికి ఇది ఏ మూలకు?

అయినా ప్రతి రాతకూ రెండో సైట్ ఒప్పుకోలు కోసం ఆగాలా అన్నది మళ్లీ గడి గడికీ తేల్చాల్సిన సంగతి. ఐఎస్‌డీ తెరవడం, సిమ్ మార్చడం లాంటివి రెండు చోట్లా రాసాకే 'అయింది' అనాలి. లొకేషన్‌కు అక్కర్లేదు, కాసేపు వెనకబడినా ఫోన్ మళ్లీ తనే చెప్తుంది. మూడో ఊళ్లో ఒక చిన్న సాక్షి సర్వర్ తప్పనిసరి. రెండు సైట్ల మధ్య లింక్ తెగితే ఎవరు యజమానో తేల్చేది అదే. అది లేకపోతే ఇద్దరూ తామే పెద్ద అనుకుని రాసుకుంటూ పోతారు, తర్వాత కలపడం దేవుడి తరం కాదు.

ఆరో మెట్టు: ఎంత పెద్దది

కోటి మంది అనుకుందాం. రికార్డుకు సూచికలతో కలిపి 10 కిలోబైట్లు వేసుకుంటే 100 గిగాబైట్లు. మొత్తం మెమరీలోనే పట్టేస్తుంది. అందుకే డిస్క్ గురించి గంటలు చర్చించడం దండగ. బిజీ అవర్‌లో మనిషికి ఆరు లావాదేవీలనుకుంటే సెకనుకు దాదాపు 16,700. ఈ ఆరు నేను పట్టుకున్న అంకె, మీది మీ కౌంటర్లలోంచి తీసుకోండి.

ఈ 16,700 చూసి పెట్టె కొంటే మునిగినట్టే. కొలవాల్సింది తిరిగొచ్చే తుపాను. ఏదో తప్పు జరిగి అందరి రిజిస్ట్రేషన్ పోయిందనుకోండి. కోటి ఫోన్లు పది నిమిషాల్లో తిరిగి ఎక్కాలి. ఒక్కోదానికి ఆథెంటికేషన్ ఒకటి, లొకేషన్ అప్‌డేట్ ఒకటి, అంటే 2 కోట్లు. 600 సెకన్లకు పంచితే సెకనుకు 33,000 పైన. జవాబు ఆలస్యమైతే ఫోన్లు ఊరుకోవు, మళ్లీ అడుగుతాయి, దాంతో అంకె ఇంకా పెరుగుతుంది. అందుకని పెట్టె పెద్దదవడం ఒక్కటే చాలదు. ముందున్న సిగ్నలింగ్ రూటర్లలో 'సెకనుకు ఇంతే లోపలికి' అనే గేటు ఉండాలి. సంక్రాంతి ముందు పంతంగి టోల్ ప్లాజా దగ్గర చూశారుగా, గేట్లు ఎన్ని పెంచినా వచ్చే బండ్లను వెనకాల ఆపి వదలకపోతే ఎవరూ కదలరు.

ఏడో మెట్టు: ఒకే తలుపు

కొత్త నిల్వలో రాసే హక్కు ఒక్క ప్రొవిజనింగ్ (చందాదారుల సేవలను ఎక్కించే, మార్చే పని) గేట్‌వేకే. కమాండ్ లైన్ నుంచి నేరుగా రాసే దారి మూసేయండి. కూకట్‌పల్లి పెద్దాయన కథకు మూలం ఆ దారే. ప్రతి రాతకూ, ముఖ్యంగా ప్రతి చూపుకూ ఎవరు, ఎప్పుడు అన్నది నమోదు కావాలి. కోటి మంది ఏ క్షణాన ఏ దిక్కున ఉన్నారో తెలిపే పుస్తకం ఇది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం లేకపోయినా జాగ్రత్త పడాల్సిన సరుకే. బయటి నెట్‌వర్క్‌ల నుంచి 'ఫలానా నంబర్ ఎక్కడుంది' అని మ్యాప్‌లో వచ్చే ఎనీ టైమ్ ఇంటరాగేషన్‌ను గడపలోనే, సిగ్నలింగ్ సందేశాలకు దారి చూపే ఎస్‌టీపీ దగ్గరే తిప్పిపంపండి.

ఎనిమిదో మెట్టు: నలుగురితో మొదలు

ముందు ఉద్యోగుల సిమ్‌లు, ఆపై వెయ్యి నంబర్ల రేంజ్ ఒకటి. మన ఉద్యోగులందరి చేతుల్లోనూ కొత్త 5జీ ఫోన్లు, పోస్ట్‌పెయిడ్ ప్లాన్లు. వాళ్లతో పరీక్షిస్తే అన్నీ పాసే. కోఠిలో ఒక బటన్ ఫోన్ కొనండి. బ్యాలెన్స్ సున్నా ఉన్న సిమ్, పోర్ట్ అయి వచ్చిన నంబర్, ఎత్తకపోతే ఫార్వర్డ్ పెట్టుకున్న నంబర్, దుబాయిలో రోమింగ్‌లో ఉన్న సిమ్, కార్డు మెషీన్‌లో సిమ్ కావాలి. ఓటీపీ తప్పనిసరిగా చూడండి. కాల్ వస్తోంది కాబట్టి మెసేజ్ కూడా వస్తుందనుకోవద్దు, మెసేజ్‌కు డేటాబేస్‌ను అడిగే ప్రశ్న వేరు. జనం కాల్ కలవకపోతే రెండు గంటలు ఓర్చుకుంటారు, ఓటీపీ రాకపోతే రెండు నిమిషాలు ఆగరు.

తొమ్మిదో మెట్టు: కట్‌ఓవర్ (కొత్తదానికి మారే) రాత్రి

తేదీ ఎంచుకోవడంలోనే సగం పని. సంక్రాంతి వారం వద్దు, నగరం సగం హైవే మీద ఉంటుంది. గణేష్ నిమజ్జనం, డిసెంబర్ 31 వద్దు. శనివారం రాత్రి కూడా వద్దంటాను. ట్రాఫిక్ తక్కువ అని మేనేజర్లు ఆదివారం ఇష్టపడతారు, కానీ ఆదివారం పొద్దున ఏదైనా తేడా వస్తే ఫోన్ ఎత్తే మనిషి దొరకడు. మంగళవారం రాత్రి మంచిది.

క్రమం ఇలా ఉంటుంది. రాత్రి పదకొండింటికి ప్రొవిజనింగ్ ఆపేస్తారు: కొత్త సిమ్‌లు, సిమ్ మార్పులు, పోర్టింగ్ అన్నీ. రీఛార్జ్ ఆగదు, అది ఛార్జింగ్ సిస్టమ్‌ది. బ్యాలెన్స్‌ను విడిగా ఉంచమన్నది ఇందుకు కూడా. అసలు డంప్ ముందే లోడ్ అయి ఉంటుంది, ఇప్పుడు మారినవి మాత్రమే తెస్తారు. ఒంటిగంట దాటాక ఎస్‌టీపీలో మొదటి ఐఎంఎస్‌ఐ రేంజ్‌ను పాత హెచ్‌ఎల్‌ఆర్ నుంచి కొత్త ఫ్రంట్ ఎండ్‌ల వైపు తిప్పుతారు.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటి. స్థిరమైన డేటా తెస్తారు, చంచలమైనది వదిలేస్తారు, 'ఫోన్లే మళ్లీ రిజిస్టర్ అవుతాయి' అని. అవుతాయి, కానీ కదలకుండా దిండు పక్కన పడుకున్న ఫోన్ తన పీరియాడిక్ అప్‌డేట్ (ఇంతసేపటికోసారి 'ఇక్కడున్నా' అని చెప్పే) వేళ వచ్చేదాకా కదలదు. ఆలోగా దానికి వచ్చే కాల్‌కు కొత్త డేటాబేస్ దగ్గర చిరునామా ఉండదు. ఆఫీసులో ఇంజినీర్ తన ఫోన్ నుంచి కాల్ చేసి "పోతోంది, అంతా ఓకే" అంటాడు. అవుట్‌గోయింగ్ పోతుంది మరి, వీఎల్‌ఆర్ దగ్గర నకలుంది కాబట్టి. చందాదారుల డేటాబేస్‌కు జబ్బు చేస్తే ముందు చచ్చేది ఇన్‌కమింగ్. ఎప్పుడు పరీక్షించినా ఇన్‌కమింగ్‌తో మొదలుపెట్టండి. వీఎల్‌ఆర్, ఎంఎంఈ చిరునామాలను కూడా ఆఖరి క్షణపు డంప్‌తో తెచ్చుకోండి.

ఆ రాత్రి తెర మీద చూడాల్సింది లొకేషన్ అప్‌డేట్ సఫలత శాతం, ఇన్‌కమింగ్ రూటింగ్ ప్రశ్నల సఫలత, 'అన్‌నోన్ సబ్‌స్క్రైబర్' ఎర్రర్ సంఖ్య. మూడోది పెరిగితే రికార్డులు రాలేదని అర్థం. 'ఆబ్సెంట్ సబ్‌స్క్రైబర్' పెరిగితే రికార్డు వచ్చింది, చిరునామా రాలేదని. తెల్లవారుజామున నాలుగింటికి అన్నీ పచ్చగానే ఉంటాయి. నమ్మకండి. సికింద్రాబాద్‌లో రైళ్లు దిగి, పది గంటలకు ఐటీ ఆఫీసుల జనం సీట్లలో కూర్చునేదాకా పరీక్ష పూర్తయినట్టు కాదు. ఒక రేంజ్‌కూ తర్వాతి రేంజ్‌కూ మధ్య కనీసం ఒక పూర్తి పని రోజు విడవండి.

పదో మెట్టు: వెనక్కి రావడం

రోల్‌బ్యాక్ ప్లాన్ లేని మైగ్రేషన్‌కు ఎవరూ అనుమతివ్వరు. కానీ ఆ ప్లాన్‌లో సాధారణంగా ఒక్క వాక్యమే ఉంటుంది: 'రూటింగ్ పాత హెచ్‌ఎల్‌ఆర్‌కు తిప్పాలి.' జపాన్‌లో 2021 అక్టోబర్ 14న డొకొమో సరిగ్గా ఇలాంటి చోటే దెబ్బతింది. మెషీన్ల సిమ్‌ల లొకేషన్ సమాచారం ఉండే సర్వర్‌ను కొత్తదానికి మారుస్తూ, తేడా కనబడి పాతదానికి వెనక్కి తిప్పారు. దాంతో దాదాపు 2 లక్షల పరికరాలు ఒక్కసారిగా మళ్లీ రిజిస్టర్ కావడానికి ఎగబడ్డాయి. సిగ్నలింగ్ నిండిపోయి మామూలు జనం ఫోన్లు కూడా ఆగిపోయాయి. మరుసటి ఏడాది జులైలో అదే దేశంలో కేడీడీఐకి రూటర్ పని దగ్గర మొదలైన లోపం వోల్టీ (4జీ మీద కాల్స్) నోడ్‌లకు, చందాదారుల డేటాబేస్‌కు మధ్య లెక్క తప్పించి, రోజుల తరబడి సాగింది. రెండు చోట్లా మొదటి తప్పు చిన్నదే. ముంచింది తిరిగొచ్చే తుపాను.

కాబట్టి రోల్‌బ్యాక్ కూడా రేంజ్‌ల వారీగా, గేటు పెట్టి, నెమ్మదిగానే. కట్‌ఓవర్ తర్వాత జరిగిన ప్రతి రాతనూ పాత హెచ్‌ఎల్‌ఆర్‌లోకి కూడా పంపుతూ ఉండండి. లేకపోతే మూడో రోజు వెనక్కి వెళ్లినప్పుడు, మధ్యలో సిమ్ మార్చుకున్నవాళ్లందరి ఫోన్లూ మూగబోతాయి.

చివరి మెట్టు: పాతదాన్ని ఆర్పడం

నెల గడిచాక ఫైనాన్స్ నుంచి మెయిల్ వస్తుంది: పాత పెట్టెలకు కరెంటు బిల్లు, వెండర్ సపోర్ట్ ఇంకా ఎందుకు కడుతున్నాం అని. తొందరపడకండి. పాత హెచ్‌ఎల్‌ఆర్‌కు ఒక సిగ్నలింగ్ చిరునామా ఉంది. విదేశీ నెట్‌వర్క్‌లు దాన్ని రోమింగ్ కోసం మనం ఇచ్చే ఐఆర్.21 పత్రం చూసి తమ పట్టికల్లో రాసుకున్నాయి. పత్రం మార్చి పంపినంత మాత్రాన అందరూ ఆ రోజే మార్చరు. పైగా గల్ఫ్‌లో ఉన్న కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల మనుషుల ఫోన్లు అక్కడి వీఎల్‌ఆర్‌లలో పాత హెచ్‌ఎల్‌ఆర్ పేరు మీదే ఉన్నాయి. ఆ చిరునామాను ఆర్పకుండా కొత్త ఫ్రంట్ ఎండ్‌లకు అప్పగించి, దాని మీద ఒక కౌంటర్ పెట్టండి. ఆ కౌంటర్ వరసగా నెల రోజులు సున్నా చూపించాకే చిరునామా తీసేయాలి.

పెట్టెల్లో డిస్కులు మాత్రం స్క్రాప్ వాళ్లకు పోకూడదు. వాటిలో కేఐలున్నాయి. మీ కళ్ల ముందు ముక్కలు చేయించి, ప్రతి డిస్క్ సీరియల్ నంబర్ రాసుకుని, ఇద్దరు సంతకాలు పెట్టి ఫైల్ చేయండి.